అరుగు కింది కుండ

సభలల్ల నన్ను కుర్సీ మీద కూసోవెట్టి శాలువ గప్పుతరు. మైకు పట్టుకున్నాయన ప్రతిసారి ఒక్కటే పాట పాడుతడు. మా జిల్లా మాదిగవాడల నుంచి అసెంబ్లీకి పోయిన మొదటి ఆడామె ఈ అక్కనే, నిలబడ్డ మొదటి ఎన్నికలనే గెలిచింది అంటడు. నేను పక్కన కూసోని పటపట పండ్లు కొరుక్కుంట. ఎన్నోసార్లు చెప్పిన, అది అబద్ధమయ్యా, మొదటిదాంట్ల నేను ఓడిపోయిన అని. నవ్వుతరు. ముసలామె వినయంగ మాట్లాడుతాంది అనుకుంటరు. నాకు వినయం ఎన్నడు లేదు. దీని నోట్లె ఉప్పు తక్కువ కారం ఎక్కువ అని మా అవ్వ బతికున్నన్ని దినాలు అన్నది.

ఆ మొదటి ఎన్నిక ఏ సర్కారు కాయితంల లేదు. నైజాం రాజ్యం పోయే ముందటి రోజులల్ల, మా ఊరి చావడి కాడ, చింతగింజలతోని అయింది. ఊరు నల్లగొండ జిల్లాలది. పేరు చెప్ప. చెప్తే ఆనాడు గెలిచిన ఐదుగురి మనుమలు ఇప్పటికీ నా ఇంటి మీదికొస్తరు.

మా నాయిన తోలు పని చేసేటోడు. ఊర్లె ఎన్ని మోటబావులున్నయో అన్నింటికి మోట కుట్టింది మా నాయిననే. మోటంటే తెల్వనోళ్లుంటరు ఇప్పుడు. ఎద్దులు గుంజితే బావిల నుంచి నీళ్లు తోడుకొచ్చే పెద్ద తోలు బొక్కెన. ఆ తోలు మా ఇంటి వెనక లందల, సున్నం నీళ్ల తొట్లల, నానేది, నాయిన చేతుల మీద మెత్తవడేది, ఆయన దారంతోని కుట్టువడేది. ఆ బొక్కెనతోని తోడిన నీళ్లు ఊరంత తాగుతరు, దానికి మైల లేదు. మేం బావి గిలక ముట్టుకుంటే మాత్రం మైల. ఈ లెక్క నాకు చిన్నప్పుడు సమజ్ కాలె, ఇప్పుడూ కాలె.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను సాదింది మా అవ్వ, నాయినను కన్నతల్లి. ఆమె పుట్టింది పాలమూరు దిక్కు, జడ్చర్ల అవతల. లగ్గమై మా ఊరికొచ్చినప్పటి సంది దొరకు వెట్టి చేసింది. వెట్టంటే కూలి లేని పని. పొద్దుగాల దొర ఉండే గడి నుంచి మనిషొస్తడు, ఇంటికొక్కరు లేవాల్సిందే. మా అవ్వ వంతుకు రెండు పనులు. ఒకటి, చావడి ముంగట ఊడ్చుడు. నలబై ఏండ్లు ఊడ్చింది గని ఆ చావడి అరుగు మీద ఒక్కనాడు కాలు వెట్టలె, వెట్టనియ్యలె. రెండోది, దొర శికంల నాట్లు. చెరువు నీళ్లు దిగినంక బయటవడే నల్లమట్టి భూమిని శికం అంటం. నారు వెడితే చాలు, పంట దానంతల్నే లేస్తది. ఆ మట్టిల వంగి వంగి అవ్వ నడుము నిలవడుడు మరిచిపోయింది. ఎప్పుడన్న తిక్క లేస్తే నన్ను చెరువు కట్ట మీదికి తోల్కపోయి చూపెట్టేది, "గదో, నా నడుము గా మట్టిల పాతిపెట్టిన్నే" అని.

నాకు పదిహేనేండ్లకు లగ్గమైంది, పదిహేడేండ్లకు మొగుడు గత్తర రోగమొచ్చి పోయిండు. మళ్ల నాయిన ఇంటికొచ్చి పడ్డ. ఇగ పోయేదేమున్నది అన్న ధైర్యమో, పుట్టుకతోనొచ్చిన నోరో తెల్వది గని, ఒకనాడు తాసిల్దారు సామాన్ల పెట్టెలు మొయ్యమని గడి మనిషొస్తే మొయ్య అన్న. తలకాయ నాది, ఆ తలకాయ మీద ఏం పెట్టుకోవాల్నో నాకు తెలుసు అన్న. వాడల ఉన్న ఆడోళ్లు పది మంది నా వెనక నిలవడ్డరు. ఆనాడు పెట్టెలు మోసేటోళ్లు లేక తాసిల్దారే వాటిని బండి దాక మోసుకుంట పోయిండంట. మా నాయినను మాత్రం గడిలకు పిలిచి, వంగవెట్టి, వీపు మీద బండ వెట్టిండ్రు. పొద్దుగూకంగ ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలె. నీళ్లు కాగవెట్టు బిడ్డా అన్నడంతే.

ఈ ముచ్చట సంఘం దాక పోయింది. వెట్టి బంద్ చెయ్యాలె, దున్నేటోడికి భూమి ఇయ్యాలె అని ఊరూరా తిరిగే సంఘం. అందుల ఒకాయన మా ఊరికొచ్చిండు. పక్కూరి పెద్ద కాపోళ్ల కొడుకు, పట్నంల సదువుకున్నడు, బక్కగ, ఎప్పుడు చెప్పులు చూస్కుంట మాట్లాడేటోడు. ఊరంత ఆయనను అన్న అనేది. నేను గూడ అన్నా అని పిలిచిన. ఆయన నన్ను చెల్లె అన్నడు. మా వాడ పిల్లను కాపోళ్ల పిలగాడు చెల్లె అనుడు నేను పుట్టినంక అదే మొదటిసారి విన్న. ఆ ఒక్క మాటకు నేను పడిపోయిన. ఇప్పుడు ఒప్పుకుంటున్న, ఇందుల సిగ్గేమున్నది.

పోలీసులు ఆయన కోసం ఊర్లు జల్లెడ వడుతున్నప్పుడు పదకొండు దినాలు మా లంద కాడ దాసిపెట్టినం. తోళ్లు నానే తొట్ల పక్కన చిన్న గుడిసె ఉండేది. ఆ వాసనకు పోలీసోళ్లు మా వాడ మొగదల్నే ముక్కు మూస్కోని వాపసు పోయేది. మొదటి దినం అవ్వ కుండల అంబలి తెచ్చి పోస్తే అన్న తాగలె. కడుపుల నొస్తాంది అన్నడు. రెండో దినం పొద్దుగాల తాగలె. పగటాలకు ఆయనే కుండను దగ్గరికి గుంజుకోని, ముంతగిన ఏం లేకుంట, రెండు చేతుల లేపి గటగట తాగిండు. అవ్వ నడుము మీద చేతులు వెట్టుకోని చూసింది. "రెండు దినాలకు దిగిందా కొడుకా కులం?" అన్నది. అన్న గూడ నవ్విండు. తర్వాత తొమ్మిది దినాలు ఆ కుండనే ఆయనకు చెంబు, కంచం, అన్ని.

ఆ పదకొండు దినాలల్ల నాకు అచ్చరాలు నేర్పిండు. పలక లేదు, బలపం లేదు. నాయిన పనికిరాదని పక్కన పారేసిన తోలుముక్కల మీద, తోలుకు బొక్కలు వొడిచే ఆరెతోని గీకి చూపెట్టేది. నా పేరు రాసుడొచ్చిన్నాడు ఆ ముక్కను నాయినకు చూపెడ్తే ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "కుట్టు మంచిగనే వడ్డది" అన్నడు. ఇయ్యాల నేను ఏం సదివినా, ఏం సంతకం చేసినా దానికి మొదలు ఆ మనిషే. అందుకనే కోపం ఇంకా చల్లారలె. ఏమీ ఇయ్యనోడు మోసం చేస్తే తిట్టి మరిచిపోతం. ఇచ్చినోడు చేస్తే ఎట్ల మరుస్తం?

సంఘం బలం పెరిగింది. ఒకనాడు దొర పెండ్లాం పిల్లలను బండ్ల మీద ఎక్కించుకోని పట్నం పారిపోయిండు. గడికి తాళం వడ్డది. వెట్టి బంద్ అయింది. దొర శికం అంత ఊరి చేతికొచ్చింది. ఇగ దాన్ని ఎవరికి ఎంత పంచాలె అనేది చెప్పెటందుకు ఐదుగురి కమిటీ కావాలె అన్నది సంఘం. ఆ ఐదుగురు చెప్పిందే ఖాయం.

అన్న మా ఇంటికొచ్చి, "చెల్లె, నువ్వు నిలవడాలె" అన్నడు.

"నేనా? ఆడిదాన్ని, మాదిగదాన్ని, నొసట బొట్టు గూడ లేనిదాన్ని" అన్న.

"అందుకనే నువ్వు నిలవడాలె. ఐదుగుర్ల నీ వాడ మనిషి లేకుంటే మీకు శికంల ఒక్క గుంట రాదు. ఎనకట పెట్టెలు మొయ్య అన్న నోరుతోనే ఆడ కూసోని శికం మాది గూడ అనాలె."

ఆయన చెప్పింది నూటికి నూరు నిజం. ఆయన ఏది చెప్పినా నిజమే చెప్పేది. చేసేకాడనే ఆగిపోయేది. అవ్వ ఈ మాటలు విని చాటల బియ్యం ఇడిచిపెట్టి లేచొచ్చింది. "అరుగు మీద కూసుంటదా ఇది?" అని అడిగింది. కూసుంటది అన్నడు అన్న. "గట్లయితే గింజ ఏసేటందుకు నేను గూడ అరుగు ఎక్కుత గద?" అందరు ఎక్కుతరవ్వా అన్నడు. ఆ దినం సంది అవ్వకు వేరే ముచ్చట లేదు. ఉన్న రెండు చీరెలల్ల మంచిదాన్ని ఉతికి ఆరేసింది. వాడల కనవడ్డోళ్లకల్ల చెప్పుకున్నది, నలబై ఏండ్లు దాని ముంగట ఊడ్చిన, మీద ఏమున్నదో ఇగ చూస్త అని.

ఎన్నిక పద్ధతి అన్ననే పెట్టిండు. ఊర్లె రాసుడు సదువుడు వచ్చినోళ్లు ఏళ్ల మీద లెక్కవెట్టేటంత మంది, అందుకని మనిషికొక చింతగింజ. నిలవడ్డది ఆరుగురం, అరుగు మీద ఆరు కుండలు, ఒక్కో కుండకు ఒక్కో గుర్తు. నాది వేపకొమ్మ. మూతికి గుడ్డ కట్టి గింజ వట్టేటంత బొక్క. నిలవడ్డోళ్లు ఎవరూ ఏ కుండనూ ముట్టద్దు, గోల్మాల్ అయితది. ఆఖరికి కుండలు అరుగు మీదనే ఒంపి అందరి ముంగట లెక్కవెట్టుడు. ఎక్కువ వచ్చిన ఐదుగురు కమిటీల.

రేపు ఎన్నిక అనంగ పగటాల అన్న మా లంద కాడికొచ్చిండు. నాయిన మోట కుడుతున్నడు. నేను తోలు తిప్పుతున్న. అన్న కొద్దిసేపు చెప్పులు చూస్కోని, "చెల్లె, ఒక్క మాట" అన్నడు.

మాట ఏందంటే, కాపోళ్లు గులుగుతున్నరంట. వాళ్లల్ల ఒక పెద్దకాపు ఉండేది. దొర బండి పొలిమేర దాటిన వారం దినాలకే సంఘంల చేరిన మనిషి, శికం పక్కనే ఆయన మెట్ట చెల్కలు. మాదిగోళ్లు అరుగెక్కితే మేం ఎక్కం, సంఘం మీరే చేస్కోండ్రి అన్నడంట. "ఒక్క దినంల అన్ని మార్చాలంటే ఊరు చీలిపోతది చెల్లె. రేపొక్క దినం మీ వాడోళ్లు అరుగు కింద వేరే కుండల ఏసుకోండ్రి. మీవన్ని నీకే గద. ఆఖరికి తెచ్చి నీ కుండలనే కలిపి లెక్కవెడ్తం. నువ్వు ఐదుగుర్ల కూసున్నంక ఇగ అరుగు ఎక్కకుంట ఆపేటోడెవడు?"

నాయిన ఆరె ఆపిండు. "కలిపి లెక్కవెడ్తరా?" అన్నడు.

"నా మాట" అన్నడు అన్న.

నాయిన ఆరె చేతికి తీస్కున్నడు. మళ్ల కుట్టుడు మొదలువెట్టిండు. నేను మాత్రం సరే అన్న. ఒక్క గడియ గూడ సోంచాయించలె. ఇదే నన్ను ఇప్పటికీ తొలుస్తది. పెట్టెలు మొయ్య అని తాసిల్దారుకు ఎదురు మాట్లాడిన నోరు, కింద వేసుకోండ్రి అంటే సరే అన్నది. ఎందుకంటరా? కిందుండుడు మాకు అలవాటు. ఎక్కడికి పోయినా మా ముంత మేమే తీస్కపోవుడు, మా జాగ మేమే దూరంగ చూస్కోని కూసునుడు. వేరే కుండ అంటే మనసు చివుక్కుమనాలె గద. నాకు మాత్రం ఆ కుండ ఎక్కడి నుంచి తేవాలె అన్న ఫికరే వచ్చింది. ఆ తప్పు మా అసోంటోళ్లే చేస్తరు. వాడల గాకుంట ఊర్లె పుట్టినోణ్ణి నీ ఓటు కిందవెట్టు అంటే చెంప వలగ్గొడుతడు.

కుండ మా ఇంట్లదే తెచ్చిన. అంబలి కాసే కుండ, పొగకు నల్లగైంది, వాడల పెద్దది అదొక్కటే. కడిగి, ఎండవెట్టి, వేపకొమ్మ కట్టిన. "అంబలి కుండ ఎందుకే?" అన్నది అవ్వ. అన్న చెప్పింది ఆమెకు పూర్తిగ చెప్పలె. వాడోళ్లందరికి చెప్పిన, అవ్వకు చెప్పెటందుకు మాత్రం నోరు రాలె. రేపు ఎట్లనో సర్దుకుంటది అనుకున్న.

తెల్లారి ఊరంత చావడి కాడ చేరింది. సంఘం జెండ కట్టిండ్రు. అరుగు మీద ఆరు కుండలు వరుసగ పెట్టి ఉన్నయి, సున్నం బొట్లు వెట్టి, లగ్గం కుండల లెక్క. అరుగు కింద, రెండు మెట్ల అవతల, మా నల్ల కుండ. అన్న సంచిలకెల్లి గింజలు తీసి పంచుతున్నడు. కాపోళ్లు ఎక్కిండ్రు, మగ్గం నేసే సాలోళ్లు ఎక్కిండ్రు, గొల్లోళ్లు ఎక్కిండ్రు. మా వాడోళ్లు ఒక్కొక్కరు వచ్చి కింది కుండల ఏసి, పక్కకు జరిగి నిలవడుతున్నరు. నేను చెప్పినట్టే.

అవ్వ వంతు వచ్చింది. ఉతికిన చీరె కట్టుకున్నది, నెత్తికి నూనె వెట్టుకున్నది. గింజ పిడికిట్ల వట్టుకోని సీద మెట్ల దిక్కు నడిచింది. కుండను చూడనే చూడలె. మొదటి మెట్టు మీద కాలు వెట్టింది. అరుగు మీదున్న పెద్దకాపు లేచి నిలవడ్డడు. నేను ఉరికిన. అవ్వ చెయ్యి వట్టుకున్న, మణికట్టు కాడ, గట్టిగ.

"అవ్వా, ఇయ్యాల్టికి కిందనే. అన్న చెప్పిండు" అన్న.

"నేనెక్కుత. అందరు ఎక్కుతరన్నడు గద."

"ఒక్క దినం అవ్వా. నేను గెలిచినంక ఎక్కుదువు."

అవ్వ నా మొకం చూసింది. నేను చెయ్యి ఇడువలె. ఆమె మెట్టు మీది కాలు తీసి కిందవెట్టింది. గింజ కుండల ఏసింది. పోయి ఎండల ఒక్కతే నిలవడ్డది, వాడోళ్లతోని గూడ కలువకుంట.

గింజలు ఏసుడు అయిపోయింది. అరుగు మీది కుండలు ఒక్కోటి ఒంపి లెక్కవెట్టిండ్రు. పెద్దకాపుకు అందరికంటె ఎక్కువ వచ్చినయి. మిగిలిన నలుగురికి గూడ మంచిగనే వచ్చినయి. మీదున్న నా కుండల ముప్పై ఒక్క గింజ. గొల్ల ఆడోళ్లు, సాలోళ్ల ఆడోళ్లు మొగోళ్లకు తెల్వకుంట ఏసినయి. ఆ ముప్పై ఒక్క మందికి ఇప్పటికీ దండం వెడుత. ఆరుగుర్ల నేను ఆరోదాన్ని. నాకు ఫికర్ లేదు. వాడ గింజలు ఇంకా కలువలె గద.

"అన్నా, కింది కుండ" అన్న.

అరుగు మీద ఎవరూ కదలలె. పెద్దకాపు కండువ దులుపుకున్నడు. "దాన్ని మీదికి ఎవరు తెస్తరు?" అన్నడు.

అరుగు మీదున్నోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. మాదిగోళ్ల అంబలి కుండ ఎవడు ముట్టుకుంటడు? నేనే వంగిన లేపుదామని. "ఆగు. నిలవడ్డ మనిషి కుండ ముట్టద్దు. పొద్దుగాల చాటినం" అన్నడు పెద్దకాపు. మా నాయిన ముందల్కి అడుగేసిండు. "నువ్వు తెచ్చెటట్టు లేదు. మీ వాడోళ్లు ఇయ్యాల అరుగెక్కరని నీ బిడ్డనే ఒప్పుకున్నదంట గద" అని ఆయనను గూడ ఆపిండు పెద్దకాపు.

"గట్లయితే కిందికి దిగొచ్చి లెక్కవెట్టుండ్రి" అన్న.

"చావడి మీద లెక్కనే ఊరి లెక్క" అన్నడు పెద్దకాపు.

ఇగ అందరు అన్న దిక్కు చూసిండ్రు. నేను గూడ చూసిన. ఆయన నిలవడ్డకాడి నుంచి కుండ దాక మూడు అడుగులు. ఆయన ఎన్నికల నిలవడలె, అరుగు ఎక్కద్దన్నోడు లేడు. దిగి, లేపి, ఎక్కితే అయిపోతది. ఆ కుండను ఆయన ఎరుగుడు మామూలు ఎరుగుడు గాదు. పది దినాలు ఆ కుండకు మూతి వెట్టి తాగిన మనిషి. ఆ కుండ అంచుకు ఒక పక్కన పెంకు ఊడి ఉంటది, పెదవికి గీసుకపోతదని అటుపక్క తిప్పుకోని తాగేది. అంత తెలుసు ఆయనకు.

అన్న కుండ దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. తర్వాత చెప్పులు చూస్కున్నడు.

"పొద్దు పోతాంది" అన్నడు. "ఈసారికి ఐదుగురు ఐండ్రు. మళ్లొచ్చేసారి చూద్దాం చెల్లె."

చప్పట్లు కొట్టిండ్రు. డప్పు కొట్టుమన్నరు. కొట్టాల్సింది గూడ మా వాడోళ్లే. కొట్టిండ్రు, ఏం చేస్తరు.

కుండను నేనే ఎత్తుకోని ఇంటికి తెచ్చిన. అప్పుడు ముట్టద్దు అన్నోడు ఎవడూ లేడు. నాయిన ఎండిన తోలు పరిచిండు, దాని మీద ఒంపి లెక్కవెట్టిన. అరుగు మీది ముప్పై ఒకటి కలిపితే పెద్దకాపు కంటె పద్దెనిమిది గింజలు ఎక్కువ. తప్పు లెక్కవెట్టిన్నేమో అని మళ్ల లెక్కవెట్టిన. అవే పద్దెనిమిది. నాయిన అన్నడు, "కలిపి లెక్కవెడ్తం అన్నడు గద, నువ్వు కలిపినవ్, అయిపాయె." నవ్వు మొకం వెట్టి, తోలు అంచుకు జారిన గింజలను మళ్ల కుప్ప చేసిండు.

అవ్వ వచ్చి ఆ గింజలను చూసింది. "నమ్మి నానవోస్తే పుచ్చి బుర్రలైనయి" అన్నది. గంతే. తర్వాత వాటిని పెనం మీద ఏంచింది, పొట్టు తీసింది, వాడల ఇంటికొక దోసెడు పంచింది. కరువుల చింతగింజలు తినుడు మాకు కొత్త గాదు. అందరు నమిలిండ్రు. నాకు గొంతు దిగలె. లంద కాడ కూసోని నేను ఏడ్చిన ఏడ్పు, అన్నను తిట్టిన తిట్లు ఇక్కడ రాయ. ఏరు దాటినంక తెప్ప తగలవెట్టినోడా అన్నది ఒక్కటి రాయొచ్చు, మిగిలినయి రాసేటియి గావు. నా పేరు గీకిన తోలుముక్కను తీస్కపోయి లందల పారేసిన.

నెల దాటకముందే ఐదుగురు శికం కొలిచిండ్రు. నల్లమట్టంత పెద్దకాపు చెల్కల దిక్కు జరిగింది. మా వాడకు చెరువు అలుగు పారే మత్తడి కింద రాళ్ల గడ్డ ఇచ్చిండ్రు. ఇచ్చినం గద అన్నరు. ఆ గడ్డ మీద కందులు గూడ మొలవలె. ఆ కొలిచే దినం మా తరఫున ఆడ నోరు తెరిచేటోళ్లు ఎవరూ లేరు. అన్న వేరే ఊరికి పోయిండు, పనులున్నయంట.

ఇంకొన్ని నెలలకు పట్నంల రాజ్యం మారింది. నైజాం పాలన పోయింది, మిలిట్రీ వచ్చింది. మిలిట్రీ బండ్ల వెనకనే దొర వాపసొచ్చిండు. గడి తాళం తీసిన దినం దండ పట్టుకోని మొదట నిలవడ్డది పెద్దకాపే. సంఘపోళ్లను ఊరూరా ఏరుకోని పట్టుకపోతున్నరు. ఐదుగురి కమిటీల ఒక్కడు గూడ నేను సంఘం అని చెప్పుకోలె.

గప్పుడు ఒక పగటాల, ఎండ మంచిగ కొడుతాంది, అన్న వచ్చిండు. ఊరి దిక్కు నుంచి గాదు, చెరువు దిక్కు నుంచి, తుంగల పడి నడుసుకుంట. చెప్పులు లేవు. రెండు కాళ్లు పగిలి నెత్తురు. మా లంద కాడి గుడిసెల కూలవడ్డడు. ఎన్ని దినాలైందో తిని.

నేను లోపటికి పోలె. దర్వాజ కాడ నిలవడ్డ. "ఎక్కడి తోవ మరిచి వచ్చినవన్నా? పెద్దకాపు ఇల్లు అటుపక్క" అన్న.

అన్న పగిలిన కాళ్లు దగ్గరికి గుంజుకున్నడు.

అవ్వ ఇంట్లకెల్లి కుండ తెచ్చింది. అదే నల్ల కుండ. గింజలు ఒంపిన నాటి సంది మళ్ల అంబలికే వాడుతున్నం. అన్న ముంగట వెట్టింది. ఆయన చూసిండు, గుర్తువట్టిండు. పెంకు ఊడిన పక్కను అటు తిప్పుకోని తాగుడు మొదలువెట్టిండు.

ఇన్ని నెలలు లోపల దాసుకున్నదంత ఒక్కసారి పైకి తన్నింది.

"వానికెందుకు పోస్తున్నవవ్వా?" అన్న. "ఆనాడు మూడు అడుగులు ఏసి ఈ కుండ లేపుంటే అయిపోతుండె. మన కుండల తాగి పదకొండు దినాలు బతికి, ఊరి ముంగట దాన్ని ముట్టనోడు. మన భూమి పోయింది, మన మాట పోయింది, ఇయ్యాల మళ్ల ఆ కుండకే మూతి వెడుతున్నడు. సిగ్గు లేదా వానికి? నీకన్న లేదా?"

అన్న తాగుడు ఆపిండు. కుండ చేతుల్నే ఉన్నది.

అవ్వ నా దిక్కు తిరిగింది. గొంతు పెంచలె. రోజు ఎట్ల మాట్లాడ్తదో గట్లనే అన్నది.

"వాడు కాపోళ్ల పిలగాడు, వాని కులం వానికి అడ్డమొచ్చింది. వాడు నా కుండ లేపలె, నిజమే. గని మెట్టు మీద కాలు వెట్టినంక నా చెయ్యి వట్టి ఆపింది వాడు గాదే. నలబై ఏండ్లల్ల దొర గూడ నన్ను ముట్టి ఆపలె. ఆపింది నువ్వు."

నేను దర్వాజ వట్టుకోని నిలవడ్డ. ఎండ వీపు మీద వడుతాంది. నాకు అప్పుడు ఇరవై ఏండ్లు. ఆమె మణికట్టు నా పిడికిట్ల ఎంత సన్నగున్నదో అప్పుడు యాదికొచ్చింది. అవ్వ ఆ తర్వాత ఐదేండ్లు బతికింది. చావడి ఎక్కుదాం రావ్వా అని ఎన్నిసార్లు పిలిచినా రాలె. అప్పుడు నా కాళ్లల్ల బలముండె, ఇప్పుడు లేదు అనేది.

ఆనాడు అన్న తలకాయ ఎత్తలె. నేను గూడ ఎత్తలె. అవ్వ ఆయన చేతులకెల్లి కుండ తీస్కోని, లోపటికి పోయి రెండు ముంతలు తెచ్చింది. "నువ్వు గూడ పొద్దటి సంది తినలె గద, కూసో" అని నన్ను ఆయన పక్కన కూసోవెట్టి, ఉన్న అంబలి ఇద్దరికి సగం సగం పోసింది.